వెనక వరస

పదకొండు దాటగానే ఝాన్సీలక్ష్మి పెరటి గుమ్మంలోకి వచ్చి, దండెం మీది కొడుకు చొక్కా వంక ఒకసారి చూస్తుంది. చొక్కా చెయ్యి తూర్పున చేపల చెరువుల వైపు చాచి ఉంటే మళ్ళీ వెళ్ళి టీవీ ముందు కూర్చుంటుంది. చెయ్యి మెల్లగా ఇంటి వైపు తిరిగిందంటే హేమంత్‌కి ఆకలేసిందన్నమాట. అప్పుడు లేచి ఎసరు పెడుతుంది.

ముదినేపల్లి పక్కన ఆ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వాళ్ళింట్లో ఉతికి ఆరేసిన బట్ట, తడి ఉన్నంతసేపూ, వేసుకునే మనిషి మనసు ఎటుంటే అటు చెయ్యి చాపుతుంది. గాలి ఎటు వీచినా దానికి పట్టదు. మనిషి ఎక్కడున్నాడన్నదీ దానికి అనవసరమే. ఝాన్సీలక్ష్మి భర్త గోవర్ధనరావు గారు పడక్కుర్చీలో బుద్ధిగా పేపరు చదువుకుంటూ ఉంటారు, ఆయన లాల్చీ మాత్రం బంటుమిల్లిలో పేకాడే డాబా వైపు చెయ్యి చాపి ఊగుతుంటుంది. "ఇవాళా వెళ్తున్నారా?" అంటుంది భార్య. "నీకెవరు చెప్పారు?" అంటూనే ఆయన చెప్పులు వెతుక్కుంటారు.

ఇదంతా మగవాళ్ళ బట్టల మాట. దండేలు రెండు. ముందు వరసలో చొక్కాలు, లుంగీలు. ఆడవాళ్ళవి వెనక వరసలో, పైన ఒక పాత చీర కప్పి. మూడు తరాలుగా ఆ ఇంట్లో అంతే. చీర బరువుకి చేతులు లేవవు. లేచినా చూసేవాళ్ళు లేరు.

అలాంటి ఇంట్లో కోడలు వందన, బట్టలుతికే గది మార్పించాలని పట్టుబట్టింది. పెళ్ళై మూడేళ్ళయినా ఆ పిల్ల ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. ఆ ఆశ్చర్యంలో అందరూ సరేనన్నారు. గదంటే గది కాదు, వెనక వసారా చివర రేకుల షెడ్డు. చెరువుల మీంచి వచ్చే బురద ప్యాంట్లు, చేపల మేత కంపు, ఒక ముసలి వాషింగ్ మెషీన్, దాని కింద రెండు కప్పలు. వందన మంచం మీద పెద్ద కాగితం పరిచి ప్లాను గీసింది. నచ్చక ఇంకోటి గీసింది. ఐదోది తెచ్చి టీపాయ్ మీద పెట్టింది.

"మోడరన్ ఫామ్‌హౌస్ స్టైల్, మావయ్యా."

గోవర్ధనరావు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "మనకి ఫామూ ఉంది, హౌసూ ఉంది. మోడరన్ అంటావా, నిరుడే ఏసీ పెట్టించాం కదమ్మా?"

గోడలకి తెల్లరంగు వేసిన చెక్క పలకలు, లోతైన తెల్ల సింకు, నల్ల కుళాయిలు, వెదురు బుట్టలు పెట్టుకునే అరలు. తలుపు పక్కకి జరిగేది, పైన చక్రాల మీద. ఝాన్సీలక్ష్మి ఆ తలుపు బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది పశువుల కొట్టం తలుపు కాదూ?"

"అలాంటిదే అత్తయ్యా."

"మా అత్తగారితో ఆర్నెల్లు పోట్లాడి పీకించానమ్మా దీన్ని! మళ్ళీ కొనుక్కొస్తావా?" అని నవ్వింది గానీ కాగితం వదల్లేదు. "సింకు ఇంత ఎత్తెందుకు?"

"మీరు వంగక్కర్లేకుండా. మీ ఎత్తు చూసే గీశాను."

తన ఎత్తు ఎవరైనా ఎప్పుడైనా చూశారా అని ఝాన్సీలక్ష్మికి అనుమానం. కాగితం మడిచి జాగ్రత్తగా బీరువాలో పెట్టింది.

వడ్రంగి భూషణం వచ్చాడు. షెడ్డు విప్పేశారు, దాంతోపాటు దండేలూ పోయాయి. పని అయ్యేదాకా జామచెట్టుకీ గేటు స్తంభానికీ ఒకటే తాడు కట్టారు. కప్పే చీరకి చోటు లేదు. అందరి బట్టలూ ఒకే వరసలో ఎక్కాయి.

రెండోరోజు భూషణం పలక కొలుస్తూ తలెత్తి చూశాడు. "అమ్మగారూ, కోడలుగారి కుర్తీ అటు చూపిస్తోందేంటండీ?"

వందన అక్కడే టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నీలం కుర్తీ మాత్రం రెండు చేతులూ బిగదీసి దక్షిణానికి చాచింది. మొగుడేమో తూర్పున చెరువుల మీద ఉన్నాడు. పుట్టిల్లు కైకలూరు, అది ఉత్తరం. దక్షిణాన ఉన్నది బందరు. పెళ్ళికి ముందు వందన రెండేళ్ళు ఉద్యోగం చేసిన ఊరు.

కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి తనూజ కూడా చూసింది. ఇక ఊరికి వేరే చాటింపు అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం హేమంత్ కాళ్ళు కడుక్కుంటూ తాడు వైపు చూశాడు. అన్నం కలుపుతూ అడిగాడు. "బందరులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి?"

"నాకూ తెలీదు."

అది నిజమే. కానీ ఆ మాట తన చెవికే అబద్ధంలా వినపడింది. హేమంత్ మజ్జిగ పోసుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. వందనకి భయం వేసింది. తను చెయ్యని తప్పుకి, తనకే తెలియని తప్పుకి, సంసారం పోతుందేమోనని భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే ఝాన్సీలక్ష్మి ఆ నీలం కుర్తీని మళ్ళీ తడిపి, పిండి, హ్యాంగరుకి తగిలించింది. "చీర మార్చుకో. బందరు వెళ్తున్నాం."

"ఎందుకత్తయ్యా?"

"ఊళ్ళోవాళ్ళు చెబితే వినేకన్నా, దీన్నే అడిగి తెలుసుకుంటాను."

గుడివాడలో బందరు బస్సెక్కారు. కుర్తీ కిటికీలోంచి చెయ్యి బయటికి చాచింది. "దీనికి టిక్కెట్టు అక్కర్లేదు గానీ, చెయ్యి కాస్త లోపలికి పెట్టించండమ్మా, లారీలొస్తాయి" అన్నాడు కండక్టరు. ఆరిపోతుందేమోనని కవుతరంలో ఒకసారి, పెడనలో ఒకసారి ఝాన్సీలక్ష్మి సీసాలోంచి నీళ్ళు చిలకరించింది.

"నా జాకెట్లు ఎటు చూపించేవో ముప్ఫై ఏళ్ళలో నేనూ చూసుకోలేదు" అంది ఉన్నట్టుండి. వందన సీసా మూత పెట్టింది.

బందరులో ఆటోవాడు ఎటు వెళ్ళాలండీ అనడిగాడు. "చెయ్యి చూసుకుంటూ పోనీ బాబూ" అంది ఝాన్సీలక్ష్మి. కోనేరు సెంటరు దాటి రెండు సందులు తిరిగాక చేతులు పైకి లేచాయి. మెట్లెక్కితే ఆదినారాయణ గారి ఆఫీసు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజినీరు ఆయన. వందన పనిచేసింది ఇక్కడే.

కుర్తీ తన మీదికే రావడం చూసి ఆదినారాయణ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అత్తింటి బట్టల సంగతి పెళ్ళి కుదిరినప్పుడే వందన ఆఫీసులో చెప్పి ఉంది. పాపం, ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నేనేం చెయ్యలేదండీ" అన్నాడు. ఝాన్సీలక్ష్మి పెదవులు బిగించి ముందుకి నడిచింది. ఆయన ఎడంవైపు జరిగాడు. చేతులు ఆయనతో జరగలేదు. కుడివైపు జరిగాడు. అప్పుడూ జరగలేదు. ఆయన్ని దాటుకుని కిటికీ పక్కకి వెళ్ళాయి.

అక్కడ ఒక ఏటవాలు బల్ల ఉంది. దాని మీద పాత ఫైళ్ళు, దుమ్ము. ఝాన్సీలక్ష్మి హ్యాంగరు పట్టుకుని బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఎటు తిరిగినా కుర్తీ చేతులు బల్ల మీదే వాలాయి.

"అది వందన కూర్చున్న బల్లండీ" అన్నాడు ఆదినారాయణ, ఊపిరి పీల్చుకుని. "తర్వాత ముగ్గురొచ్చారు. ఎవరూ నిలవలేదు."

వందన ఏడ్చింది. పరాయి చోట, పదిమంది వచ్చిపోయే గదిలో, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

"మేమెవరం వద్దనలేదే" అంది ఝాన్సీలక్ష్మి.

"వెళ్ళమనీ అనలేదు కదత్తయ్యా. నేనూ అడగలేదు. మీరు సరేనంటే, మళ్ళీ నాకు చేతనవుతుందో లేదో అని భయం."

"ఉతికే గదికి ఐదు ప్లాన్లు గీశావు. నా నడుం నొప్పిని కూడా కొలతేసి గీశావు. చేతకాకపోవడమేంటి?" ఝాన్సీలక్ష్మి ఫైళ్ళన్నీ ఎత్తి నేల మీద పెట్టి, కొంగుతో బల్ల తుడిచింది. తర్వాత ఆదినారాయణ వైపు తిరిగింది. "పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారండీ?"

ఇంటికొచ్చాక కొడుకుతో ఒకటే మాట చెప్పింది. "బల్లరా. ఒట్టి బల్ల."

హేమంత్ సిగ్గుపడ్డాడు. "గుడివాడ బస్టాండు దాకా బండి మీద నేను దింపుతాను" అన్నాడు. ఆ పూట వందన వడ్డించకముందే మజ్జిగ గిన్నె తనే దగ్గరికి జరుపుకుని, ముందు ఆమె కంచంలో పోశాడు.

నెల తిరిగేసరికి గది పూర్తయింది. తెల్ల పలకలు, నల్ల కుళాయిలు, సింకు ఝాన్సీలక్ష్మి నడుముకి సరిగ్గా. కొట్టం తలుపు చక్రాల మీద జరుగుతుంటే గోవర్ధనరావు రోజుకి పదిసార్లు తీసి వేస్తున్నారు. దండెం ఎన్ని వరసలు కట్టమంటారని భూషణం అడిగితే "ఒకటే" అంది ఝాన్సీలక్ష్మి. కప్పే పాత చీర గచ్చు తుడిచే గుడ్డయింది.

వందన కుర్తీ ఇప్పుడు చొక్కాల పక్కనే ఆరుతుంది. పొద్దుటి నుంచీ దక్షిణానికే చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి ఆరిపోకుండా ఝాన్సీలక్ష్మి రెండుసార్లు నీళ్ళు చిలకరిస్తుంది. సాయంత్రం ఐదున్నరకి పెరటి గుమ్మంలో నిలబడి చూస్తుంది. కుర్తీ చెయ్యి మెల్లగా కదిలి, ఇంటి వైపు తిరుగుతుంది.

అప్పుడు లోపలికి వెళ్ళి ఎసరు పెడుతుంది.