గోటికి తగిలే గీత

సబ్బు నురగతో కార్లు కడుగుతుందని ఊరంతా నురగత్త అని పిలిచే ఆమె, గొట్టం మూతిని బొటనవేలితో సగం నొక్కిపట్టి, కారు పైకప్పు మీంచి నీళ్ళు జారవిడుస్తోంది. గుడ్డ ఇంకా ముట్టలేదు. దుమ్ము నాని, కదిలి, దానంతటది కిందికి కారిపోయేదాకా ఆమె చెయ్యి బండిని తాకదు. ఎండు దుమ్ము మీద గుడ్డ పెట్టడమంటే ఇసుకతో పళ్ళు తోముకోవడమేనని ఆమె వాదన. సబ్బునీళ్ళకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి వేరే బకెట్టు. పైనుంచి కిందికి, తిన్నగా, సున్నాలు చుట్టకుండా తుడుస్తుంది. పనిలోకి దిగేముందు ఉంగరం తీసేస్తుంది. ఒంటిమీద బట్టలకు పిన్నీసు కూడా ఉండనివ్వదు.

రేకు అడ్డానికి అవతల ఆమె భర్త షెడ్డు. అందరూ అతన్ని పెయింటరనే పిలుస్తారు. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ ఒకే కప్పు కింద పని పెట్టుకున్నారు. గీత పడకుండా చూడటం ఆమె వంతు, పడ్డ గీతను మాపడం అతని వంతు.

"నీ చెయ్యి పడ్డ బండి నా గుమ్మం తొక్కదు. ఇలాగైతే నేను ఈగలు తోలుకోవాల్సిందే" అనేవాడు.

"మిగతా ఊరంతా నీకోసమే కడుగుతోంది కదయ్యా" అనేది ఆమె.

ఇంట్లోనూ అదే వరస. ఆమె నోరు జారేది కాదు. అతను జారేవాడు, తర్వాత వెళ్ళి సర్దుకునేవాడు. ఒకసారి పేకాటలో బావమరిదిని నానా మాటలూ అని, తెల్లారేసరికి డబ్బా, కుంచె పట్టుకెళ్ళి ఎవరూ అడక్కుండానే వాళ్ళ ఇంటి గేటుకు రంగు వేసి వచ్చాడు. బావమరిది కాఫీ ఇచ్చాడు. గొడవ ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఆ ఉదయం ముదురు నీలం కారొకటి నత్తలా వచ్చి ఆగింది. దిగిన అమ్మాయి ముఖం వాడిపోయి ఉంది.

"అత్తా, ఇది మా అన్నయ్య కారు. కొత్తగా నడపడం నేర్చుకున్నానని వారం పాటు ఇచ్చాడు. కడిగి ఇస్తే సంతోషిస్తాడు కదా అని..." తలుపు వైపు చూపించి ఆగిపోయింది.

"దేంతో కడిగావమ్మా?"

"గిన్నెలు తోమే పీచుతో."

నురగత్తకు నవ్వొచ్చింది కానీ బయటపడనివ్వలేదు. ముందు బండి మొత్తం కడిగింది. మురికేదో గీతేదో అప్పుడుగాని తెలియదు. తర్వాత కళ్ళు మూసుకుని తలుపు మీద గోరు పోనిచ్చింది. చాలా గీతలు గోటికి తగల్లేదు. అవి పైపూత మీదివే, రుద్దితే పోతాయి. హ్యాండిల్ కింద మాత్రం గోరు టక్కున ఆగింది. పీచులోని తీగముక్క అక్కడ రంగును లోపలిదాకా చీల్చింది.

"ఇదిగో, నీకు పనొచ్చింది" అని రేకు మీద తట్టింది.

పెయింటరు నెమ్మదిగా వచ్చాడు. ఈమధ్య నాలుగడుగులు వేస్తే ఆగుతున్నాడు. నీలంలో చిటికెడు నలుపు కలిపాడు, కాగితం మీద పూసి ఎండలో పట్టి చూశాడు, ఇంకొంచెం కలిపాడు. గీతను స్పిరిటుతో తుడిచాడు. సన్నకుంచె మొన తడిపి, చెయ్యి చాచాడు. వేళ్ళు వణికాయి. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అయినా వణుకు ఆగలేదు.

కాసేపు కుంచె వైపే చూసి, దాన్ని భార్యకు అందించాడు.

"నువ్వు పెట్టు."

"నేనా? నేనెప్పుడు పెట్టాను?"

"ఇన్నాళ్ళూ చూశావుగా. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నీ గోటికి తెలుసు. గియ్యకు, చుక్కలు చుక్కలుగా అద్దు. ఒకేసారి నింపాలని చూడకు."

ఆమె ఊపిరి బిగబట్టి అద్దింది. పలచగా ఒక పూత. ఆరాక మళ్ళీ. అతను పక్కనే పీట మీద కూర్చుని "ఊఁ" అంటూ ఉన్నాడు. ఎప్పుడు "ఊఁ" అనాలో అప్పుడే అన్నాడు. చివరికి పైపూత కూడా ఆమే వేసింది. చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. తనకిది వచ్చునని ఆమెకే ఇవాళ తెలిసింది.

"నాకన్నా నయంగా పెట్టావే" అన్నాడు అతను లేస్తూ. "ఇది గట్టిపడాలి. నేనలా నడుం వాలుస్తా. రుద్దే ముందు లేపు."

మధ్యాహ్నం ఎండ తలుపు మీద పడి పూత గట్టిపడింది. నురగత్త రేకు పక్కనుంచి తొంగి చూసింది. బల్ల మీద అటు తిరిగి పడుకున్నాడు. లేపబుద్ధి కాలేదు. తనే నీళ్ళలో తడిపిన సన్నటి గరుకు కాగితంతో పూత ఎత్తును అణచి, పాలిష్ అద్ది, తలుపంతా మెత్తగా రుద్దింది. పీచు గీతలు ఒక్కొక్కటే పోయాయి. గోరు పోనిచ్చింది. ఎక్కడా ఆగలేదు.

అమ్మాయి వచ్చి తలుపు ముందు వంగి, అటు నుంచీ ఇటు నుంచీ వెతికింది.

"అన్నయ్యకి చెప్పనా, వద్దా?"

"చెప్పు. ఎక్కడుందో మాత్రం ఆయన్నే వెతుక్కోమను."

అమ్మాయి నవ్వుకుంటూ కారు తీసుకెళ్ళింది, ఈసారి కాస్త వేగంగానే.

నురగత్త చేతులు కడుక్కుని అవతలికి వెళ్ళింది. "గోరు ఆగలేదయ్యా, ఎక్కడా ఆగలేదు" అంది. అతను కదల్లేదు. భుజం మీద చెయ్యి వేసి తిప్పింది. నిద్రలో ఎప్పుడూ తెరుచుకునే నోరు మూసుకుని ఉంది. అరచెయ్యి అతని ఛాతీ మీద పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ చెయ్యి పొరబడదు.

ఎవరినీ పిలవలేదు. పిలవాల్సినవాళ్ళు ఉన్నారు, కూతురికి కబురు చెప్పాలి, అన్నీ చెయ్యాలి. ముందు బల్ల అంచున, అతని పక్కనే, కాసేపు కూర్చుంది. కదిలిన చొక్కా కాలరు సరిచేసింది.

తల దగ్గర కమలాపండొకటి ఒలిచి ఉంది. సగం అతను తిన్నాడు. తెల్లటి పీచు ఆమెకు నచ్చదని, మిగతా సగం తొనలకు అదంతా తీసి, దుమ్ము పడకుండా తొక్కతోనే మూసి పెట్టాడు.