ఇసక పోయిన రేవు

వర్షిణిని వాగులోంచి బయటికి తీసిన పూటే మా బడి టీచరమ్మని పోలీసు జీపెక్కించారు. పిల్ల జుట్టులోంచి నీళ్ళు ఇంకా కారతానే ఉన్నయ్. తల్లి యశోద ఆ తడి తలని ఒళ్ళో పెట్టుకుని, "లేవే, లేవే అమ్మా, ఇంటికి పోదాం లేవే" అని చెంపలు తడతా ఉంది. ఇవతల పక్క ఎస్సై మెహ్జబీన్ టీచర్ని "ఎక్కు, ఎక్కు" అని కసురుతున్నాడు. ఆమె కూడా నిలువునా తడిసి వణుకుతా ఉంది. పిల్ల కోసం ముందు గుంటలో దూకింది ఆమేనయ్యా! ఈత రాని మనిషి. ఆమెని బయటికి లాగటానికి మళ్ళీ ఇద్దరు మగాళ్ళు దూకాల్సొచ్చింది. అట్టాంటి మనిషిని దొంగని తీసుకుపోయినట్టు తీసుకుపోతంటే, మల్లికార్జునరావు గట్టు మీద నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటన్నాడు.

మీరు కాలేజీ పిల్లలు, సంఘంలోళ్ళు, పిలిచి చెప్పమన్నారు కాబట్టి చెప్తన్నా. నాకు మైకులో మాట్లాడటం రాదు. నా పేరు ఆరోగ్యమ్మ. వెల్దుర్తి పక్కన మా పల్లె బళ్ళో పిల్లలకి మధ్యాన్నం అన్నం వండుతా. బడి లేని రోజు మిరప చేలో కూలికి పోతా. చెప్తా చెప్తా ఏడిస్తే ఏమనుకోబాకండి.

మా బడి చిన్నది. ఒకటి నుంచి ఐదు దాకా అందరికీ ఒక్కతే టీచరు. మాచర్ల నుంచి బస్సులో వస్తది. శనివారం వస్తే పుస్తకాల సంచులు తేవద్దని గవర్నమెంటోళ్ళు చెప్పారు. ఆ రోజు ఈమె పిల్లల్ని వరసన నడిపించుకుని మా ఎర్రవాగు కాడికి తీసుకుపోయేది. నేను బొరుగుల సంచి పట్టుకుని వెనక పోయేదాన్ని. మొదట్లో నాకు నవ్వొచ్చేది. "వాగులో ఏముంది టీచరమ్మా నేర్పటానికి? మేం పుట్టి పెరిగిందే అందులో గదా" అన్నా. "అట్లయితే ఎండ్రకాయకి ఎన్ని కాళ్ళో చెప్పు ఆరోగ్యమ్మా" అంది. నేను బిక్కమొహం వేశా. ఎన్ని ఎండ్రకాయలు పులుసు పెట్టానో గానీ, కాళ్ళు లెక్కబెట్టిన పాపాన పోలా! పిల్లలు ఒకటే నవ్వటం. అందరికంటే పెద్దగా నవ్వింది వర్షిణే.

ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసకలో చెలమ తవ్వుకోవటం మా పల్నాట్లో అందరికీ అలవాటే. చేతులతో ఇసక తోడి గుంట చేసి కాసేపు కూర్చుంటే, అడుగు నుంచి నీళ్ళు ఊరతయ్. తేటగా, చల్లగా ఉంటయ్. కాకపోతే మా ఊళ్ళో ఆ చెలమకి కూడా కులముంది. ఎగువన పై బజారోళ్ళది, దిగువన మా ఎస్సీ పల్లెది. టీచరు ఇయ్యేమీ పట్టించుకోకుండా పిల్లలందరి చేతా ఒకటే చెలమ తవ్విచ్చింది. నీళ్ళు దాచిపెట్టే ట్యాంకు ఈ ఇసకేనని, ఇది పోతే బోర్లు కూడా ఎండుతయ్యని చెప్పింది. వర్షిణి దోసిలి పడితే మా పల్లె ప్రభుగాడు తాగాడు, వాడు దోసిలి పడితే పై బజారు పిల్లలు తాగారు. ఆ సాయంత్రమే మల్లికార్జునరావు బడి కాడికొచ్చి, "పుస్తకంలో ఉన్నది చెప్పు టీచరమ్మా, చాలు" అని చెప్పిపోయాడు. ఆయనకి వాగులో ఇసక తవ్వి అమ్ముకునే రాంపు ఉంది, ట్రాక్టర్లున్నయ్, జేసీబీ ఉంది. ఏ జెండా గెలిచినా ముందు ఆయన గుమ్మం కాడే కట్టేది. పొలం పని కావాలన్నా, ట్రాక్టర్ పని కావాలన్నా ఊళ్ళో సగం మంది ఆయన మొహమే చూడాలి. వర్షిణి నాయన పుల్లయ్య ఆయన ట్రాక్టరే తోలేవాడు.

ఇంక ఆ రోజు సంగతికొస్తా. మా రేవులో నీళ్ళు మోకాలు దాటవు. ఊళ్ళో పుట్టిన ప్రతోడికీ తెలుసిది. నీళ్ళు ఎర్రగా వచ్చినా సరే, అవతల బండ కనపడితే చాలు, కళ్ళు మూసుకుని దిగుతాం. టీచరు జాగ్రత్త కలిగిన మనిషి, ముందురోజు యశోదని అడిగింది కూడా. "రేవులో దించండి టీచరమ్మా, మేం గుడ్డలుతికేది ఆడే, భయమేం లేదు" అంది యశోద. అది మా అమ్మమ్మల నాటి నుంచి ఉన్న నమ్మకం. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నోరు కొట్టుకుంటది.

మిరప నాట్లప్పుడు ఊరంతా చేలల్లోనే ఉంటది. గుడ్డలుతకటానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే జేసీబీ రేవులో దిగింది. రాంపు యాడుందో, రేవు యాడుందో! పర్మిషన్ రాంపు వరకే ఉంది. మనిషి నిలువు దాటి తవ్వేసి, ఇసకంతా తోలేసుకుని పోయారు. ఎంబడే పైన వానలు పడి వాగొచ్చి గుంట నిండింది. చూట్టానికి ఎప్పటి రేవే, అవతల ఎప్పటి బండే.

కర్ర పట్టుకుని నీళ్ళ లోతు చూట్టం వర్షిణి పని. పని తనకే ఇవ్వాలని మారాం చేసి మరీ తీసుకునేది. ఆ రోజు కూడా గౌను పైకి దోపుకుని అందరికంటే ముందు దిగింది. వెనక్కి తిరిగి, "టీచర్, నేల జారతంది" అంది. ఇంకో అడుగేసింది. అంతే. కర్ర పైకి తేలింది, పిల్ల తేల్లా.

మట్టిచేసి వచ్చాక ఏడుపు కూడా తీరలేదయ్యా, రావు మనుషులు యశోద గుడిసెకి వచ్చి కూర్చున్నారు. టీచరు మీద కంప్లైంటు ఇవ్వాలంట. టీచరు అజాగ్రత్త వల్లే చచ్చిపోయిందని మొగుడూ పెళ్ళాం వేలిముద్ర వేస్తే, రావుగారు పెద్ద మనసు చేసుకుని చూసుకుంటారంట. వెయ్యకపోతే ట్రాక్టర్ తాళాలు ఇచ్చి పొమ్మన్నారు. పుల్లయ్య తల వంచుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. యశోద ఎవరి మొహమూ చూడలా.

మర్నాడు బడి ముందు మీటింగ్ పెట్టారు. ఎస్సై వచ్చాడు, మండలం నుంచి చదువుల ఆఫీసరొచ్చాడు. రావుకి కుర్చీ వేశారు. మేం కింద కూర్చున్నాం. ముందు ఆఫీసరు లేచి, పిల్లల్ని గోడలు దాటి బయటికి తీసుకుపోవటమే తప్పన్నాడు. జనంలో కూడా కొంతమంది అదే మాటన్నారు. "నీళ్ళ కాడికి ఎందుకు తీసుకుపోవాలి? బళ్ళో కూర్చోబెట్టి చెప్తే చదువు రాదా?" అని ఒకాయన లేచాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ కొడుకు ఆడుకుంటా పెరిగింది ఆ రేవులో కాదా? నీ పెళ్ళాం ఇన్నాళ్ళూ బిందె ముంచింది ఆడ కాదా? అప్పుడు లేని గుంట ఇప్పుడెట్టా వచ్చింది? ఆ సంగతి అడగరేంది?" అన్నా.

"నువ్వు కూర్చో ఆరోగ్యమ్మా, వంట చేసుకునేదానివి నీకెందుకు" అన్నాడు రావు మనిషొకడు.

"ఆ పిల్లకి రోజూ అన్నం పెట్టింది నేనురా! నాకు కాకపోతే నీకా?"

అప్పుడు షఫీక్ లేచాడు. వ్యవసాయ కార్మిక సంఘం పిల్లోడు, కూలి పెంచమని మా కోసం ఎన్ని చేలగట్లు తిరిగాడో. "అమ్మ అడిగింది న్యాయమే. గుంట ఎవరు తవ్వారు? అది తేల్చండి ముందు" అన్నాడు.

ఊళ్ళో జేసీబీ ఉన్నది ఒక్క రావుకే. అందరికీ తెలుసు, అందరూ మూతులు కుట్టుకున్నారు. మర్నాడు పనికి పిలిచేది రావే గదా. ఆయన నింపాదిగా కాలు మీద కాలేసుకుని, "వాగన్నాక వరదకి గుంటలు పడతయ్. దానికెవర్నంటాం? నాకూ ఆ రేవుకీ, ఆ ఇసకకీ సంబంధమే లేదు. మన పుల్లయ్యనే అడగండి, కన్నతండ్రి అబద్ధం చెప్తాడా? చెప్పరా పుల్లయ్యా, వరదకి పడ్డ గుంటే గదా?" అన్నాడు.

పుల్లయ్య లేచాడు. పక్కోడి భుజం పట్టుకుని రావు వైపు తిరిగాడు.

"వరదకి పళ్ళేదయ్యా. మిషను తవ్వింది. ఆ ఇసక నా ట్రాక్టర్లోనే పోయింది. నేనే తోలుకుపోయి మీ కల్లంలో పోశా. అది పర్మిషన్ లేని తావు, ఎవరికన్నా చెప్తే పని ఉండదన్నారు మీరు. నేను నోరు మూసుకున్నా. ఇంటికొచ్చి అన్నం తింటంటే నా బిడ్డ అడిగింది. నాన్నా, ఇసక పోతే నీళ్ళెక్కడ దాక్కుంటయ్ అని. అన్నం తినవే అని కసిరా. రేవులో గుంటుందే తల్లీ, అటు పోబాకే అని ఒక్క మాట... ఒక్క మాట అనలేకపోయా."

అయ్యో, ఆ మనిషి ఏడుపు! మగాళ్ళు అట్టా ఏడవటం నేను చూళ్ళేదు. యశోద లేచి పోయి కాలరు పట్టుకుంది. "నీకు తెలుసా? నీకు తెలుసంటయ్యా?" అని చెంపలు వాయించింది. అతను చెయ్యి అడ్డం పెట్టలా. కొట్టీ కొట్టీ ఆమె చేతులే వాలిపోయినయ్. తర్వాత ఎస్సై వైపు తిరిగి, "టీచరమ్మ మీద నేను వేలిముద్ర వెయ్యను. రాసుకో, నా బిడ్డని చంపింది ఈ రావు" అంది.

ఇప్పుడు చూడండి న్యాయం ఎట్టా ఉందో. ఎస్సై లేచి పుల్లయ్య భుజం మీద చెయ్యేశాడు. "ఇసక దొంగతనం ఒప్పుకున్నావుగా, పద" అన్నాడు. మేమంతా గొల్లుమన్నాం. కొడుకు లేడు, ఉన్న ఒక్క ఆడపిల్లా పోయింది. బిడ్డని మట్టిచేసిన చేతులకి బేడీలు వేశారు! సొంతదారుడు కుర్చీలో ఉన్నాడు, కూలోడు సబ్ జైలుకి పోయాడు. టీచర్ని ఇంటికైతే పంపించారు గానీ, పై నుంచి సస్పెండ్ అని కాగితం వచ్చింది. బడికి తాళం పడింది.

యశోద కొన్నాళ్ళు నోట్లో మెతుకు పెట్టలా. నేను గంజి కాసి తీసుకుపోయేదాన్ని. ఒకరోజు పొద్దున పోతే మనిషి ఇంట్లో లేదు. వాగు కాడికి పరిగెత్తా, ఆడా లేదు. దోవలో ఎవరో చెప్తే రావు కల్లం కాడికి పోయి చూశా. రోడ్డు పక్క ఆ కల్లంలో ఇసక గుట్టగా పోసి ఉంది. మా రేవు ఇసక. యశోద తట్టలోకి ఎత్తుకుంటంది.

"ఏందే ఇది?" అన్నా.

"గుంట పూడ్చాలక్కా. ఇంకో తల్లి బిడ్డ పడకముందే పూడ్చాలి" అంది. తట్ట నెత్తికెత్తుకుని నడిచింది.

నేను ఇంటికి పోయి నా తట్ట తెచ్చుకున్నా. నన్ను చూసి ఇంకొకత్తి వచ్చింది. మిరప చేలకి పోయే ఆడోళ్ళు క్యారేజీలు గట్టున పెట్టి వచ్చారు. ఎండెక్కేసరికి కల్లం నుంచి వాగు దాకా మా వరసే. మా పల్లెవాళ్ళూ, బీసీ బజారోళ్ళూ, చివరికి పై బజారు నుంచి కూడా కొంతమంది తలుపులు తెరుచుకుని వచ్చి తట్ట అందుకున్నారు. మీటింగులో టీచర్ని తప్పుపట్టినాయన తలొంచుకుని వచ్చి పార పట్టాడు. నా తట్ట ఆయన ముందు పెట్టా. రావు ట్రాక్టర్లు తోలేవాళ్ళు తాళాలు ఆయన గుమ్మంలో పడేసి వచ్చారు. బడికి తాళమేశారు గదా, పిల్లలు అన్నం కంచాలు తెచ్చుకుని కంచాలతో ఇసక మోశారు. బస్సు దిగి మెహ్జబీన్ టీచర్ వచ్చింది. పిల్లల్ని గట్టు దిగనీకుండా చేతులు అడ్డం పెట్టి నిలబడింది. "ఇక్కడే పొయ్యండి, పెద్దవాళ్ళు లోపల వేస్తారు" అని ఒక్కొక్కరికీ చెప్పింది.

రావు కారు దిగి బుసలు కొడతా వచ్చాడు. "దొంగ ముండల్లారా! నా ఇసక ఎత్తుకుపోతారా?" అన్నాడు.

షఫీక్ తట్ట దించాడు. "ఏందండీ, మీదా? ఇసకకీ మీకూ సంబంధమే లేదన్నారు గదా మొన్న, ఎస్సై గారి ముందే! మీదైతే మీదేనని కంప్లైంటు రాసివ్వండి. మేమంతా సంతకాలు పెడతాం."

జనం నవ్వారు. చానా రోజుల తర్వాత మా ఊళ్ళో నవ్వు వినపడింది. రావుకింక ఇసక దొంగతనమని కేసు పెట్టే దారి లేకపోయింది. అయినా ఆయనకి దారులు తక్కువా? కల్లంలో జొరబడి దౌర్జన్యం చేశారని మనుషుల చేత రాయించాడు. మధ్యాన్నానికి పోలీసు వ్యాను దిగింది. లాఠీలు తీశారు. తట్టలు తన్నారు. షఫీక్ చెయ్యి విరిచారు. టీచర్ని కూడా తోశారు. మేం మాత్రం పారిపోలా. తన్నిన తట్ట మళ్ళీ నింపుకుని మోశాం. చేతులు పట్టుకుని లాక్కుపోయిందాకా మోశాం.

మా ఆడోళ్ళని వ్యానులో కుక్కి స్టేషన్లో కింద కూర్చోబెట్టారు. ఎస్సై యశోద ముందుకొచ్చి నిలబడ్డాడు. "మొగుడు జైల్లో, నువ్వు స్టేషన్లో. బుద్ధొచ్చిందా?" అన్నాడు.

యశోద తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళు కారతానే ఉన్నయ్, తుడుచుకోలా.

"మా పేర్లు తొందరగా రాసుకుని పంపియ్యయ్యా. పొద్దు గుంకేలోపు పోవాలి. గుంట ఇంకా సగం కూడా పూడలా."