వరసలన్నీ పొసిగిన మనిషి

శనివారం పొద్దున చేవెళ్లలో మెహదీపట్నం బస్సెక్కేసరికి నామీద నాకే మంటగా ఉంది. వారం పొడుగునా ఒకే నిరూపణ నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. నేను మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాను. మా స్టాఫ్ రూములో సగం కుర్చీలు ఖాళీ. అందరూ సాఫ్ట్‌వేర్‌కు పోయారు. నన్నూ ఒక కంపెనీ సోమవారం చేరమంది. యూనివర్సిటీలో ఆనంద్‌కుమార్ సార్ మాత్రం వేరే మాటన్నారు.

"అన్నపూర్ణా, పుస్తకం చూడకుండ ఈ సిద్ధాంతం నిరూపించుకొని శనివారం రా. చెప్తే పీహెచ్‌డీకి తీసుకుంట. లేకపోతే ఉద్యోగంల చేరు, తప్పేమున్నది?"

తప్పేమీ లేదు. కానీ నాకు ఆ ఉద్యోగం వద్దు, లెక్కలే కావాలి.

ట్రయాంగ్యులేటెడ్ కేటగిరీల్లో రిప్రజెంటబిలిటీ సిద్ధాంతం అది. పేరు గడబిడగా ఉన్నా సంగతి మన ఇళ్లలోదే. ఒక మనిషిని ఎవరూ చూడలేదు. అయినా ప్రతివాళ్లూ ఆయన తమకేం వరసో చెప్తున్నారు. ఆ మాటలన్నీ ఒకదానితో ఒకటి పొసిగితే, అలాంటి మనిషి ఉన్నట్టే. లెక్కల్లో ఈ మనుషులను వస్తువులంటాం. ఉన్నాడంటే చాలదు, కట్టి చూపించాలి. నేను కట్టాను. చెప్పిన వరసలన్నీ వచ్చాయి, వాటి వెంట లేని వరసలూ వచ్చి కూర్చున్నాయి. వాటిని కొట్టేస్తే కొత్తవి మొలిచాయి. ఎక్కడో ఒకచోట ఈ పని ఆగి తీరాలని మొండిగా పట్టుకున్నాను. అది ఆగితే కదా.

పక్క సీటులో ముడిమ్యాల ఊరి పెద్దామె, పేరు కౌసల్యమ్మట, వచ్చి కూర్చుంది. కూర్చోగానే మొదలుపెట్టింది.

"ఎవరి బిడ్డవు?"

"చేవెళ్ల కిరాణం ముకుందం చెల్లెను."

"అట్లయితే నాకు కోడలివి. మీ అవ్వది ఏ ఊరు?"

"మా అమ్మది శంకర్‌పల్లి."

"కోడలివి కాదు, చెల్లెవు. మీ అమ్మమ్మోళ్లు?"

అమ్మమ్మ ఊరు చెప్పగానే చెల్లెలు పోయి మనవరాలినయ్యాను. వరస తప్పిందని ఆమెకు రవ్వంత ఫికర్ లేదు. కొట్టేసిన వరసను మళ్లీ తేలేదు. కొత్త తప్పు వస్తే దాన్ని తర్వాతి ప్రశ్న చూసుకుంటుంది.

ఆగాల్సిన పనే లేదు! ప్రతి తప్పూ తర్వాతి మెట్టులో పోతే చాలు.

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా?"

"ఇంత మంచిగ ఎన్నడు లేదవ్వా," అన్నాను. మొయినాబాద్ దాటి మెహదీపట్నం వచ్చేదాకా సీటులో కుదురుగా కూర్చోలేకపోయాను.

యూనివర్సిటీలో సార్ గదిలో బోర్డు నిండా మెట్లు గీశాను. మూడు చుక్కలు పెట్టి, అన్నిటినీ కలిపి ఇదే మనం వెతికే ఆ వస్తువు అన్నాను. ఆనంద్‌కుమార్ సార్ వెంటనే పట్టుకున్నారు.

"మెట్లకు అంతు లేదంటున్నవ్. అన్నిట్ల తప్పించుకున్న అబద్ధపు వరస ఆఖర్ల మిగలదని ఏం గ్యారంటీ?"

"వరస చెప్పేటివి చిన్న వస్తువులు సార్. చిన్నది అన్ని మెట్ల మీద పరుచుకోలేదు, ఏదో ఒక మెట్టు మీదనే దొరుకుతది. అక్కడ దాని వరస అబద్ధమైతే, పై మెట్టుల పోయినట్టే. ఇగ మిగిలేదేది?"

ఆయన నా మూడు చుక్కల కింద టిక్కు పెట్టారు. తర్వాత తన ఫోను నా చేతిలో పెట్టారు.

"ఆ కంపెనీకి చెప్పు, రానని."

చేరడం లేదని చెప్తే, కంపెనీలో ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగా అడిగింది. "ఇంకా మంచి ఆఫర్ వచ్చిందా మేడమ్?"

"వచ్చింది."

"ఏ కంపెనీ?"

"కంపెనీ కాదు, లెక్కలు," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. సంతోషంతో ఏడుస్తున్నానని ఆ పిల్లకు ఎలా చెప్పను?