బోర్డు మీద పేరు

స్వర్ణలత దోసెలపిండి రుబ్బుతుంటే ముందుగదిలోంచి భర్త పిలిచాడు. "చెయ్యి కడుక్కోని రా. లాయరు సారు వచ్చినాడు. ఒక సంతకం పెట్టిపోదువు."

పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఎరిగిన పిలుపే అది. బ్యాంకు కాగితమైనా, స్థలం కాగితమైనా, సుదర్శన్ వేలు పెట్టి చూపించినచోట పేరు రాసి మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేది. కొత్తలో ఒకసారి ఇదేమిటని అడిగింది. "చదివి నువ్వేం చేస్తావే?" అని నవ్వాడు. పక్కనే వక్కలు కత్తిరించుకుంటున్న అత్తగారు రాజ్యలక్ష్మమ్మ, "మొగుడు తన పేరు కాదని నీ పేరున పెడ్తాండాడు. ఈ బద్వేల్లో ఎవురికుండాది అంత అదృష్టం?" అంది. అదృష్టమే కాబోలు అనుకుంది స్వర్ణలత. బజారులో కొట్టు సుదర్శన్ పేరున ఉండిపోయింది. మంగంపేట దారిలో ముగ్గురాయిని పిండి చేసే మిల్లు పెట్టినప్పుడు మాత్రం ఆమె పేరు అవసరమైంది. స్వర్ణలత మినరల్స్. ప్రారంభానికి తననూ తీసుకుపొమ్మంటే, "ఆ దుమ్ములో ఆడోళ్లకేం పని? వచ్చేవాళ్లకు భోజనాలు చూసుకో" అన్నాడు. ఇప్పటికీ ఆ మిల్లు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఏడెనిమిదేళ్ల కిందట ఒక వానాకాలం, మిల్లు వెనక పోసిన రాళ్లగుట్ట జారి, దాన్ని ఆనుకుని వేసిన కూలీల రేకుల షెడ్డు మీద పడింది. లోపల అన్నం వండుతున్న ఉరుకుందమ్మ అనే పిల్ల చనిపోయింది. కోసిగి నుంచి పనికి వచ్చిన పిల్ల. పోలీసులు ఓనరెవరని చూశారు. అన్ని కాగితాల్లోనూ స్వర్ణలత ఉంది, సుదర్శన్ ఎక్కడా లేడు. కేసు ఆమె మీద నడిచింది, ఏడాది జైలుశిక్ష ఆమెకే పడింది. పై కోర్టులు కూడా అదే ఖాయం చేశాయి. ఇక లొంగిపోవడానికి కొద్దిరోజులే గడువు.

"నువ్వేం భయపడాకు," అన్నాడు సుదర్శన్, తీర్పు వచ్చిన రోజు. "గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెడ్తాం. ఆడమనిషివి, నీకైతే దొరుకుతాది. అదే నా పేరుమీద ఉండుంటే నాకు దొరికేదా?" ఆమె పేరు పెట్టడంలో తన ముందుచూపు ఎంతటిదో ఇన్నాళ్లకు రుజువైందన్నట్టుంది ఆ గొంతు.

ఇప్పుడు ముందుగదిలో లాయరు దావీదురాజు ఆ అర్జీనే చదివి వినిపించాడు. దరఖాస్తుదారు కేవలం గృహిణి. వ్యాపార వ్యవహారాలేవీ ఎరుగదు. జరిగినదానికి మిక్కిలి పశ్చాత్తాపపడుతున్నది.

"ఏమీ ఎరగనిదాన్ని దేనికి పశ్చాత్తాపపడాల సార్?" అంది స్వర్ణలత. నిజంగా తెలియకే అడిగింది.

దావీదురాజు కళ్లద్దాలు తీసి సుదర్శన్ వైపు చూశాడు. "అట్ల రాయడం పద్ధతమ్మా."

"మరి నడిపినోళ్లు ఎవరో రాయలేదే?"

"గ్రైండరు తిరుగుతాండాది," అన్నాడు సుదర్శన్. "సంతకం పెట్టి, పోయి చూస్కో పో."

పెట్టింది. పెట్టాక వంటింట్లో నిలబడి, ఆ చేయి తనదేనా అన్నట్టు చూసుకుంది.

చనిపోయిన పిల్ల తల్లి తనకు అభ్యంతరం లేదని రాసిస్తే అర్జీకి బలమని లాయరు చెప్పడంతో, ఆ వారంలోనే ముగ్గురూ కారులో కోసిగికి బయలుదేరారు. ఊరి మొగదల్లోనే కారు ఆపించాడు సుదర్శన్. "నేనొస్తే బెదిరించినట్టుంటాది. ఆడోళ్లు ఆడోళ్లు మాట్లాడుకోండి. రెండు కన్నీళ్లు కార్చినావంటే పనైపోతాది" అని చెప్పి లోపలే కూర్చున్నాడు.

ఆ తల్లి పేరు సోమక్క. మిరపకోతలకు గుంటూరు పోవడానికి వాకిట్లో మూట కట్టుకుంటోంది. వచ్చినవాళ్లకు చాప పరిచి, చెంబుతో నీళ్లిచ్చింది. లాయరు చదవబోతే, "చదవద్దులే సారూ. ఏసియ్యమని మా ఊరి పెద్దాయన చెప్పినాడు. యాడ వెయ్యాల?" అంది. ఆయన వేలితో చూపించినచోట బొటనవేలు అద్దింది. స్వర్ణలత ఆ వేలిముద్రనే చూసింది. అలా చూపించినచోట తానెన్నిసార్లు పెట్టలేదు! లాయరు కాగితం పట్టుకుని కారు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆడవాళ్లిద్దరే మిగిలారు.

"స్వర్ణలతమ్మ అంటే నువ్వేనా?" అంది సోమక్క.

"ఔనమ్మా."

"నిన్ను చూడాలని శానా దినాలు అనుకుంటి. కూలి గుంటూర్లోనే ఎక్కువమ్మా. నాతోనే తీసుకపోదామంటి. వయసు పిల్ల, రెండేండ్లు అక్కడ మగోళ్లతో పడరాని పాట్లు పడె. అప్పుడు మేస్త్రి మీ మిల్లు ఫోటో ఫోన్లో చూపించె. మా ఉరుకుందమ్మ పది చదివింది, బోర్డు చదివె. 'అమ్మా, ఓనరు ఆడమనిషి, ఆడికైతే భయం లేకుండా పోతా' అనె. ఆడమనిషి ఉండాదంటే నాకూ ధైర్యమాయె. నేనే బస్సెక్కిస్తి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్లీ మూట ముడి బిగించడంలో పడింది. స్వర్ణలతకు ఏడుపు రాలేదు. తిడితే పడేది, కాళ్లు పట్టుకోమంటే పట్టుకునేది. నన్ను నమ్మి వచ్చిందా ఆ పిల్ల? నా మొహం చూడకుండా, నేనున్నానని వచ్చిందా? నేనేనాడు ఉన్నాను అక్కడ? భర్త దాక్కోవడానికి పనికొచ్చిన పేరు, ఎక్కడో ఒక ఆడపిల్ల కంటికి నీడలా కనబడింది. ఏమీ ఎరుగనని రాసిచ్చి తప్పించుకోవచ్చు, గవర్నరు క్షమించనూ వచ్చు. ఆ పిల్ల చదువుకున్న బోర్డు మీద మాత్రం కేవలం గృహిణి అని లేదు.

"ఏడ్చినావా?" అన్నాడు సుదర్శన్, ఆమె కారెక్కగానే.

"లేదు. మిల్లుకాడ ఇప్పుడు కూలోళ్లు యాడుంటాండారు?"

"యాడుంటారు, ఆ షెడ్లోనే. రేకులు కొత్తవి వేయించినాం గదా."

తెల్లారి అతను కొట్టుకు పోయాక ఆమె లాయరుకు ఫోన్ చేసింది. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఇల్లు దాటి, బస్సు మీద బస్సు మారి, ఆటోలో మిల్లు దగ్గర దిగింది. చెట్టూ పుట్టా అన్నీ తెల్లటి పొడి కప్పుకుని ఉన్నాయి. వెనక గుట్ట అలాగే ఉంది, దాని కిందే షెడ్డు. లోపల ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి ఊదుతున్నారు.

"ఎవురు కావాలమ్మా?" అంటూ సూపర్‌వైజరు ఓబుళేశు ఎదురొచ్చాడు. ఆమె బోర్డు మీది తన పేరు చూపించింది. అతను బోర్డునూ ఆమెనూ మార్చిమార్చి చూశాడు.

"మిల్లు ఆపించు. షెడ్డు ఖాళీ చేయించు."

"సారుకు ఒక మాట…"

"చెప్పు. ఆపినాక చెప్పు."

యంత్రం ఆగిన కాసేపటికే ఆమె ఫోను మోగింది. "ఎవురినడిగి ఆపించినావు? నీకేం తెలుసే మిల్లు సంగతి?"

"తెలీదు. తెలీదని సంతకం కూడా పెట్టినా. ఆ అర్జీ పంపొద్దని లాయరుకు చెప్పేసినా. నేనే పోయి లొంగిపోతా. మిల్లు ఎవురు నడిపినారో, షెడ్డు గుట్ట కింద ఎవురు వేయించినారో జడ్జికి రాసిచ్చి మరీ పోతా."

అవతలనుంచి, ఇన్నేళ్లలో ఆమె వినని మెత్తని గొంతు వచ్చింది. "స్వర్ణా, ఇంటికి రా. కూచోని మాట్లాడుకుందాం."

ఆమె ఫోన్ పెట్టేసింది. జైలంటే భయం అలాగే ఉంది. తిరిగి ఏ ఇంటికి వెళ్లాలో తెలియడం లేదు. ఈలోగా షెడ్లోంచి ఒకామె చంకన బిడ్డతో, చేతిలో ఉడికీ ఉడకని అన్నం గిన్నెతో వచ్చి ఎదురుగా నిలబడింది. "ఖాళీ చెయ్యమంటాండావు. మేము యాడుండాలమ్మా?"

స్వర్ణలత ఆ సంగతి ఆలోచించలేదు. చుట్టూ చూసింది. గుట్టకు దూరంగా, గేటు పక్కన, సున్నం వేసిన పక్కా గది ఒకటుంది. కిటికీకి కూలరు. సుదర్శన్ వచ్చినప్పుడు కూర్చునే ఆఫీసు.

"ఆ గది తియ్యి ఓబుళేశూ."

"తాళం సారు దగ్గరుండాదమ్మా."

"పగలగొట్టు," అంది స్వర్ణలత.