జూరాకాన్ చల్లబడిన చలికాలం

నరీన్ ఊళ్లో చలికాలం ఉదయం ఎవరింట్లోనైనా పొయ్యి రాజేయడంతో మొదలవుతుంది. కుబాత్ ఇంట్లో మాత్రం వాళ్లమ్మకు కోపం తెప్పించడంతో మొదలయ్యేది. కుబాత్ నిద్ర లేస్తూనే ఈల వేసేవాడు. ఇంట్లో ఈల వేస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోతుందని తల్లి జూరాకాన్ పరుపు మీది నుంచే తిట్లు అందుకునేది. ఈలోగా కోడలు బురుల్చా, అపచారమని తెలిసీ రొట్టెను బోర్లా పెట్టి, చాయ్ గిన్నెను అంచుదాకా నింపి అత్తగారి ముందు ఉంచేది.

"నిండుగా పోశావంటే తాగి లేచి పొమ్మనేగా? నా ఇంట్లో నేనే పరాయిదాన్నా?"

"చూసుకోలేదు అత్తయ్యా."

"తొమ్మిదేళ్లుగా చూసుకోవడం లేదు. కళ్లు పుట్టింట్లో వదిలేసి వచ్చావా?"

అప్పటికి కిటికీ అద్దాల మీది మంచు కరిగి ధారలు కట్టేది. జూరాకాన్‌కు చిర్రెత్తితే ఆమె ఒంట్లోంచి వేడి పుట్టి, గోడలు దాటి, నేలమాళిగ దాకా పాకేది. బయట మీసాలు గడ్డకట్టే రోజుల్లో కూడా ఆ ఇంట్లో వాళ్లు పలచటి చొక్కాలతో తిరిగేవారు. వంటకు తప్ప బొగ్గు కొనేవారు కాదు. వీధిలో వాళ్లకూ ఇది అక్కరకొచ్చేది. టాక్సీ నడిపే సతార్ రోజూ సాయంత్రం కారు బ్యాటరీ చలికి చచ్చిపోకుండా తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్లేవాడు. పక్కింటి సోనున్ బంగాళాదుంపల బస్తాలన్నీ ఆమె గది కింద నేలమాళిగలోనే ఉండేవి. వచ్చినవాళ్లు వస్తువుతో పాటు ఓ పుల్లవిరుపు మాట కూడా తెచ్చేవారు. "ఏం పిన్నీ, నీ వంట కంటే నీ కోడలి వంటే బాగుంటుందటగా" అని సతార్ అన్నాడంటే, ఇక తెల్లవారేదాకా బ్యాటరీకి భయం లేదన్నమాట.

బురుల్చా తివాచీలు ఉతుకుతుంది. ఏళ్ల తరబడి ఏటి ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో రుద్ది రుద్ది, వయసులో ఉండగానే గోడ పట్టుకుని లేచే స్థితికి వచ్చింది. కిందటి వసంతంలో ఇక లాభం లేదని పట్టుబట్టి, ప్రెషర్ వాషర్ కొనడానికి బజారుకు బయల్దేరింది. కుబాత్ వెంట వచ్చాడు గానీ, "నీళ్లు కొట్టడానికి యంత్రమా, బకెట్ లేదా" అని దారి పొడవునా సణుగుతూనే ఉన్నాడు. దుకాణంలో ఆమె ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. పసుపు రంగుది చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ పంపు తల ప్లాస్టిక్. ఓ మూల బండగా, బరువుగా కూర్చున్న దానికి ఇత్తడి తల ఉంది. అదే కావాలంది.

"మంచిది ఎంచుకున్నావక్కా" అన్నాడు అమ్మేవాడు. "ఒక్కటే మాట. చలి ముదరకముందే లోపలి నీళ్లు చుక్క లేకుండా తీసెయ్యి. కారు అద్దాలకు పోస్తారే, గడ్డకట్టని నీలం నీళ్లు, అవి పంపుకు పట్టించు. లేదంటే లోపల నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, పంపు పగిలిపోద్ది. పగిలాక ఎవడూ బాగుచెయ్యలేడు."

"మా ఇంట్లో మా అత్తగారు ఉంటారు" అంది బురుల్చా.

"ఎవరూ? జూరాకాన్ పెద్దమ్మా? అయితే నీళ్లతోనే పెట్టుకో, ఏం కాదు" అని పెట్టెకు తాడు కట్టి ఇచ్చాడు.

ఆ వేసవి బురుల్చాకు పండగే అయింది. నిటారుగా నిలబడి మీట నొక్కితే చాలు, ఎప్పటెప్పటి మట్టో తివాచీలోంచి లేచి పరిగెత్తేది. సణిగిన కుబాత్ కూడా సాయంత్రాలు తన బూట్లు, పక్కింటివాళ్ల కంచె, చివరికి ఓ గాడిదను కూడా కడిగి మురిసిపోయాడు.

ఆ వేసవిలో చివరి తివాచీ అత్-బాషీ అనే ఊరి నుంచి వచ్చింది. తెచ్చినవాడు ఉస్మొనాలి, తేనెటీగలు పెంచుకునే పెద్దాయన. భార్య పోయి నాలుగేళ్లయింది. వాకిట్లో పరిచిన ఆ తివాచీని చూసి జూరాకాన్ ముక్కు మూసుకుంది.

"ఇది తివాచీయా, గొర్రెల దొడ్డా?"

"దొడ్డే" అన్నాడు ఉస్మొనాలి. "ఒక్కణ్ణే కదా అని బూట్లతోనే తిరిగాను. అనేవాళ్లు లేక సిగ్గు కూడా పడలేదు. ఇంకో రెండు తిట్టండి, ఇంట్లో ఉన్నట్టుంది."

జూరాకాన్ నోరు తెరిచింది. తిట్టు రాలేదు. లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. గిన్నె అడుగున రెండు గుక్కలే పోసింది, అవి తాగాక మళ్లీ రెండు గుక్కలు. అలా పొద్దు వాలేదాకా ఆయన్ను లేవనివ్వలేదు. బురుల్చా లోపలికెళ్లి శాలువా తెచ్చుకుంది.

తివాచీ ఆరి ఇంటికి చేరినా, ఉస్మొనాలి ఆదివారం ఆదివారం ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి తేనె సీసా ఇవ్వడానికి, ఇంకోసారి ఆ ఖాళీ సీసా తీసుకెళ్లడానికి. వచ్చిన ప్రతిసారీ ఇల్లు మరికాస్త చల్లబడేది. కుబాత్ ఈల వేస్తే "బాగుందిరా, మళ్లీ వెయ్యి" అంది జూరాకాన్. బోర్లా పెట్టిన రొట్టెను మాట్లాడకుండా తిప్పి పెట్టుకుంది. సతార్ ఆమె వంటను, ఆమె పుట్టిన ఊరిని, ఆఖరికి ఆమె ముక్కును కూడా ఎద్దేవా చేశాడు. "సరేలే, కూర్చో, తేనె తిందువుగాని" అంది. మర్నాడు అతని టాక్సీ కదల్లేదు.

ప్రెషర్ వాషర్ జూరాకాన్ పరుపు పక్కనే, కడుపులో నీళ్లతో, గోడకు ఆనుకుని ఉంది. చలి బాగా ముదిరిన ఒక ఉదయం బురుల్చా చూసేసరికి దాని గొట్టం కట్టెలా బిగిసి ఉంది. మీట నొక్కితే కదల్లేదు. ఊపి చెవి ఆనిస్తే పంపులో ఇంకా కాస్త నీళ్ల చప్పుడు వినిపించింది. సాయంత్రానికి అదీ గడ్డకడుతుంది. ఇక మళ్లీ ఏటి ఒడ్డు, మళ్లీ మోకాళ్లు. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది.

వాకిట్లో సోనున్, సతార్ ఆమె కోసమే నిలబడి ఉన్నారు.

"నా దుంపలు మంచుకు తియ్యగా మారి పాడైపోతున్నాయే" అంది సోనున్. "ఆ తేనెటీగలాయన మొన్న పెళ్లి మాట ఎత్తాడటగా. ఈ వయసులో పెళ్లేమిటని ఊరంతా నవ్వుతోందని మీ అత్తతో ఒక్క మాట అను. వసంతం దాకా ఇల్లు కుంపటిలా ఉంటుంది."

"మేమంటే నవ్వేస్తోంది. నువ్వంటే తగుల్తుంది" అన్నాడు సతార్.

తగులుతుందని బురుల్చాకూ తెలుసు. ఆ మాటను నాలుక చివర పెట్టుకునే లోపలికి వెళ్లింది.

జూరాకాన్ రెండు కోట్లు తొడుక్కుని అద్దం ముందు తలకు స్కార్ఫు కట్టుకుంటోంది. "రావే, ఈ ముడి కాస్త చూడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

బురుల్చా ఆ చేతులు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అత్తగారి చేతులు చల్లగా ఉండడం ఆమె ఎరగదు.

"ఆయనకు ఇంకా ఏ మాటా చెప్పలేదు" అంది జూరాకాన్ గొంతు తగ్గించి. "జనం నవ్వుతారేమోనని ఉంది. నువ్వేమంటావే? నువ్వు వద్దంటే వద్దు."

బురుల్చా గోడ పక్కనున్న యంత్రం వైపు చూసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లూ ఈ మనిషిని బొగ్గులా వాడుకున్నాం, పొద్దున్నే నిప్పంటించి మరీ. ఒక్క రోజైనా ఆమె ముందు రొట్టె తిన్నగా పెట్టలేదు.

"నవ్వేవాళ్లను నవ్వనివ్వండి అత్తయ్యా" అంది, స్కార్ఫు ముడి బిగిస్తూ. "మీరు వెళ్లండి. మేం బొగ్గు కొనుక్కుంటాం."

జూరాకాన్ కోడలి తలను దగ్గరకు లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. గోడల మీద మంచు మరో పొర కట్టింది.

ఆ తర్వాత పరుగే పరుగు. కుబాత్ యంత్రాన్ని ఎత్తుకెళ్లి వంట పొయ్యికి కాస్త దూరంగా పెట్టి, బొంతలు చుట్టాడు. వేడినీళ్లు పోద్దామని అతను అంటే, ఇత్తడి చిట్లిపోతుందని బురుల్చా కసిరింది. సతార్ గొణుక్కుంటూనే నీలం నీళ్ల డబ్బా తెచ్చాడు. చాలాసేపటికి గొట్టంలోంచి మంచు ముక్కలు ఒక్కొక్కటే జారిపడ్డాయి. యంత్రాన్ని వంచి నీళ్లన్నీ తీసేశారు. ఒక్క క్షణం మోటారు తిప్పి మిగిలిన చుక్కలు చిమ్మించి, నీలం నీళ్లు పట్టించారు. పంపు పగిలి ఉంటే అడుగున కారుతుంది. ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని చూశారు. నేల పొడిగానే ఉంది. కుబాత్ సంతోషం పట్టలేక మీట నొక్కేసరికి నీలం ధార వెళ్లి సతార్ టోపీని ఎగరగొట్టింది.

ఆ వారమే పెళ్లి చేసి జూరాకాన్‌ను అత్-బాషీ పంపించారు. వాళ్ల వాకిట్లోకి చాలా ఏళ్ల తర్వాత బొగ్గు లారీ వచ్చింది. సతార్ బ్యాటరీని తన మంచం కిందే పెట్టుకున్నాడు. సోనున్ కొన్నాళ్లు మాట్లాడ్డం మానేసింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం జూరాకాన్ ఫోన్ చేసింది. చేస్తూనే మొగుడి మీద చాడీలు అందుకుంది. గురక పెడతాడట. జేబుల్లో రొట్టె ముక్కలు దాస్తాడట. తేనెటీగలతో మాట్లాడినంత మర్యాదగా భార్యతో మాట్లాడడట. వింటున్నకొద్దీ బురుల్చాకు గుండెల్లో రాయి పడింది.

"అత్తయ్యా, అక్కడ ఇల్లు వెచ్చగా ఉందా?" భయపడుతూనే అడిగింది.

"వెచ్చగానా? చలికి చస్తున్నామే. పొద్దున బకెట్లో నీళ్లు గొడ్డలితో పగలగొట్టాల్సొచ్చింది. ఇద్దరం ఒకే బొంతలో ముడుచుకు కూర్చున్నాం." వెనక నుంచి ఉస్మొనాలి ఏదో అన్నట్టున్నాడు, జూరాకాన్ పకపకా నవ్వింది.

కుబాత్ పొయ్యిలో బొగ్గు వేస్తూ తలెత్తాడు. "అమ్మ ఏమంటోంది?"

"గడ్డకట్టుకుపోతున్నారట" అంది బురుల్చా, కళ్లు తుడుచుకుంటూ.

"హమ్మయ్య" అన్నాడు కుబాత్.