గొంతు వాసన

పొద్దున్న టీ తాగాక హిమజ జీడిపిక్కల గదిలోకి వెళ్లి, రెండు కిటికీలూ బార్లా తెరిచి, ముక్కుకి చున్నీ కట్టుకుని కంప్యూటర్ ఆన్ చేస్తుంది. నెల రోజులుగా ఇదే వరస. పిక్కల బస్తాలు వసారాలోకి మార్పించి, గోడలకి గుడ్ల అట్టలూ గోనెలూ కొట్టి ఆ గదిని స్టూడియో చేసుకుంది. అంతకుముందు ఆరేళ్లు టెక్కలిలో ఒక రికార్డింగ్ షాపులో పనిచేసింది. బట్టల కొట్టు ప్రకటనకీ పెళ్లి వీడియోకీ అవే నాలుగు బీట్లు అతికించి అతికించి, రోత పుట్టి మానేసింది.

ఇప్పుడు సొంతంగా పాటలు కట్టాలి. దానికో సాఫ్ట్‌వేర్ కావాలి. చిన్న శబ్దం ముక్కని గానుగెద్దులా తిప్పుతూ ఉంటే, దాని మీద ఇంకో ముక్క, ఆపైన ఇంకోటి పేర్చుకోవాలి. ఆ తిరిగే ముక్కనే లూపు అంటారు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్నదే తేలడం లేదు.

చున్నీ ఎందుకంటే, వాళ్లింట్లో పెట్టెలోంచి వచ్చే శబ్దానికి వాసన ఉంటుంది. తాత కాలం నుంచీ అంతే. ఆయన రేడియోలో ధాన్యం ధరలు తడిసిన గోనె వాసన వేసేవి. సీరియళ్లు మాడిన నూనె కంపు కొడుతున్నాయని తల్లి దమయంతి టీవీని అమ్మేసింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏ వాసనా ఉండదు. స్పీకర్లోంచి వస్తేనే.

మొదటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికింది. అందులో లూపులు వేలకి వేలు. ‘పల్లె డప్పు’ అని పేరున్నదాన్ని నొక్కింది. బస్టాండు వెనక మురుగు కాలువ గదిలోకి వచ్చినట్టయింది. ఎవరో ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, డప్పుని కళ్లతో కూడా చూడకుండా చేసిన మోత అది.

గోడ అవతల నుంచి పక్కింటి కాంతమ్మ పిలిచింది. "హిమజా, ఏటమ్మా నేడు మరీ ఇంతలా ఉంది? మా యుగంధర్ బువ్వ తింటన్నాడు. కూసింత ఆపు."

"ఆపేసినాను పిన్నీ."

రెండోది పలాసలో సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే మేనబావ సునీల్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన దొంగ కాపీ. తెరవగానే బీరువా వెనక ఎలుక చచ్చిన కంపు. సునీల్ రుమాలు అడ్డం పెట్టుకుని, "మా షాపులో ఇదే వాడతన్నాం గదా. అక్కడ ఏటీ రాదు," అన్నాడు.

"అక్కడ రాదు బావా. అంతమాత్రాన లేదని కాదు."

మూడోది నెలనెలా చందా కట్టేది, పెద్ద పేరున్నది. పదిహేను రోజులు ఊరికే వాడుకోమన్నారు. శబ్దం అద్దంలా ఉంది. నువ్వు ఎలా పాడినా దాన్ని పట్టుకుని తెర మీది తాళం గళ్లలోకి లాగి, తాళం తప్పకుండా సరిచేసి పెడుతుంది. వాసన మాత్రం ఫినాయిల్ పోసి కడిగి, పైన కలరా ఉండలు చల్లిన మరుగుదొడ్డిది. హిమజ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ముద్ద నోటిదాకా తెచ్చి వదిలేసింది.

ఈలోగా పక్క ఊరి అమ్మవారి సంబరం కమిటీ మనిషి సూర్యప్రకాష్ ఇంటికొచ్చాడు. హిమజ తండ్రి వైకుంఠరావు ఆ చుట్టుపక్కల సంబరాల్లో పాతికేళ్లుగా అమ్మవారి పాటలు పాడుతున్నాడు. కొబ్బరీ జీడీ సాగు ఆయన పని, పాట ఆయన ఇష్టం.

"అయిదు పాటలు గావాల. గొంతు మీ నాన్నది, కింద డీజే బీటు. గుండెలు అదరాల," అన్నాడు సూర్యప్రకాష్.

బీటు మాట వినగానే హిమజకి టెక్కలి షాపులోని ఆ నాలుగు బీట్లే గుర్తొచ్చాయి. అయినా ఇది తన గదికి వచ్చిన మొదటి పని. ఒప్పుకుంది.

నాలుగో సాఫ్ట్‌వేర్ ఎవరూ చెప్పలేదు, తనే వెతికి పట్టుకుంది. చూడ్డానికి వెలిసిపోయిన గోడలా ఉంది. అందులో తయారు లూపులు ఒక్కటీ లేవు. నువ్వు ఇచ్చిన శబ్దాన్నే తిప్పుతుంది. గళ్లు కూడా వద్దంటే తీసేస్తుంది. హిమజ పెరట్లో అమ్మ కొబ్బరి పీచు బాదుతున్న చప్పుడు రికార్డు చేసి తిప్పింది. తడి పీచు వాసన వచ్చింది, అంతే. జీడిపిక్క పగలగొట్టే చప్పుడు తిప్పితే కాలిన డొల్ల వాసన. నెల తరవాత మొదటిసారి చున్నీ విప్పి కుర్చీ మీద వేసింది.

ఆ సాయంత్రమే తండ్రిని మైకు ముందు కూర్చోబెట్టింది. ఆయన నాలుగు చరణాలు పాడి, తోటకి నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడు. హిమజ ఒక చరణాన్ని లూపులో పెట్టి వదిలింది.

వాంతి వచ్చినంత పనైంది. పశువుల శాలలో రోజుల తరబడి నిలవున్న మూత్రం వాసన, కళ్లు మండేంత ఘాటు. స్పీకరు ఆపేసి పెరట్లోకి పరిగెత్తి, నూతి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఇదీ మిగతావాటిలాంటిదేనని తిట్టుకుంది.

మర్నాడు అదే చరణాన్ని మిగతా మూడింటిలోనూ వేసి చూసింది. మురుగు కంపు కింద అదే వాసన. ఎలుక కంపు కింద అదే. ఫినాయిల్ కింద అదే. సునీల్ దగ్గర వేరే మైకు తెప్పించింది. తోటలో చెట్ల కింద పాడించి ఫోన్లో పట్టి తెచ్చింది. గదిలో వినిపిస్తే వాసన మారలేదు.

అప్పుడు పాత ఫోన్ తీసింది. అందులో మూడేళ్ల కిందటి సంబరంలో తండ్రి పాడిన వీడియో ఉంది. స్పీకరుకి కలిపితే గది నిండా పండిన తాటిపండు వాసన, తియ్యగా. కిందటేడు రజని అత్త కూతురి పెళ్లిలో పాడినది పెట్టింది. తాటిపండు ఉంది, దాని వెనక సన్నగా ఆ ఘాటు.

సాఫ్ట్‌వేర్లో లేదు. గొంతులో ఉంది.

కాంతమ్మ గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి ఆపమని అనలేదు. ఆమె భర్త మూడేళ్లు వారానికి రెండుసార్లు పలాస వెళ్లి, డయాలసిస్ మంచం మీద పడుకుని, చివరికి పోయాడు.

"ఆ వాసన నాకు తెల్సమ్మా," అంది. "ఆకర్న మీ బాబాయి నోట్లోంచి వచ్చీది. పక్కనే పడుకునీదాన్ని గదా. నాన్నకి రక్తం పరీక్ష సేయించు."

వైకుంఠరావు వినలేదు. "నాకేటయ్యింది? నిన్న గూడా నాలుగు కొబ్బరి సెట్లెక్కినాను. కాళ్లు వాసినాయా, ముఖం వాసిందా?"

హిమజ ఆయన్ని గదిలో కూర్చోబెట్టి మూడేళ్ల కిందటి పాట వినిపించింది. తరవాత మొన్నటి చరణం పెట్టింది. లూపు తిరుగుతూనే ఉంది. చరణం అయిపోవడం, మళ్లీ మొదలవడం. తండ్రి గొంతుకి తను ముక్కు మూసుకోవలసి వచ్చిందని ఆమెకి తన మీదే అసహ్యం వేసింది. చెయ్యి దించేసింది. వైకుంఠరావు ముక్కు మూసుకోలేదు. నేల వైపు చూస్తూ నాలుగైదు సార్లు విన్నాడు.

"ఇదంతా నాలోనిదేనా?" అన్నాడు.

"ఊఁ."

"సరే. రేపు బస్సెన్నింటికి?"

పలాసలో డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని చెప్పే క్రియాటినిన్ పెరిగింది, కానీ చెయ్యి దాటలేదు. "నడుం నొప్పికి బిళ్లలు మింగుతున్నారా?" అని అడిగింది. కిరాణా కొట్లో కొనుక్కుని రోజూ మింగుతున్నానన్నాడు. అవి ఆ రోజే మానమంది. మందులు రాసి, నెలనెలా రమ్మంది. "మా దగ్గరికి అందరూ కాళ్లు వాచాక వస్తారు. మీకెవరు చెప్పారు ఇంత ముందుగా?"

"మా గుంట," అన్నాడు వైకుంఠరావు కూతుర్ని చూపిస్తూ. "పాటలు కడతాది."

హిమజ నాలుగో సాఫ్ట్‌వేర్ ఉంచుకుని మిగతావి తీసిపారేసింది. సంబరానికి ఇచ్చిన పాటల్లో పీచు బాదే చప్పుడే బీటు. సూర్యప్రకాష్ విని ముఖం చిట్లించాడు. "గుండెలు అదరడం లేదు గదమ్మా," అన్నాడు. వేరే గతిలేక తీసుకుపోయాడు. వాటినే డీజే బండి మీద, సునీల్ బాక్సుల్లో మోగించారు.

ఆ తరవాతి మంగళవారం కాంతమ్మ గోడ దగ్గర నిలబడి పిలవకుండా, ముందు గుమ్మంలోంచి వచ్చింది. వెనక కొడుకు యుగంధర్. పలాసకీ టెక్కలికీ ఆటో తోలే మనిషి, ముప్పై ఉంటాయి.

"ఈడి గొంతొకసారి తియ్యమ్మా," అంది.

పాటల కోసం హిమజ కట్టుకున్న గది ఇది. కాదని ఎలా అనడం. మైకు అతని ముందుకి జరిపింది.

"నాకు పాటలేటి వచ్చు?" అన్నాడు యుగంధర్ నవ్వుతూ.

"రోజూ నువ్వు కేకేసీదే సెప్పు."

"పలాస, నందిగాం, టెక్కలి," అన్నాడు.

హిమజ దాన్ని తిప్పింది. పలాస, నందిగాం, టెక్కలి. పలాస, నందిగాం, టెక్కలి. ముందు పెట్రోలు వాసన వచ్చింది. కాసేపటికి దాని అడుగున ఇంకోటి. హిమజ కాంతమ్మ వైపు చూడలేకపోయింది. కాంతమ్మ కళ్లు మూసుకుని, వంటింట్లో కూర ఉప్పు చూసేటంత నిదానంగా, మూడుసార్లు గాలి పీల్చింది.

"లేతగా ఉందమ్మా," అంది. "ఇంకా లేతగానే ఉంది."

యుగంధర్ నవ్వు ఆగిపోయింది. కొంచెంసేపు తల్లినీ స్పీకరునీ మార్చి మార్చి చూశాడు. తరవాత జేబులోంచి ఆటో తాళం తీశాడు.

"అయితే బస్సెందుకు," అన్నాడు. "నా బండి మీదే ఎల్దాం పద."