పంచిపెట్టిన పట్లు

సాయంత్రంలోగా కావలసిన పనులు: నడుంలోతు గొయ్యి తవ్వాలి. ఎండుకట్టెలు పేర్చాలి. జబ్బు తగిలిన పదకొండు తేనెపెట్టెలకు సున్నంతో గుర్తు పెట్టాలి. ఈగలన్నీ లోపలికి చేరాక వాటి ద్వారాలు మూయాలి. వీటన్నిటికంటే ముందు మావయ్యను ఒప్పించాలి.

గొయ్యి, కట్టెలు కూలిమనిషి చూసుకుంటానన్నాడు. మావయ్య నా వంతు.

తేనెటీగలు పెంచి నన్ను చదివించాడాయన. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఇప్పుడు సూక్ష్మజీవుల ప్రయోగశాలలో పని. ఆయన పంపిన తేనెపట్టు ముక్కను పరీక్షించిందీ నేనే. పదకొండింటినీ ఇవాళ కాల్చకపోతే మిగిలిన పందొమ్మిది పెట్టెలూ దక్కవు.

“ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టమంటావేంటే?”

“ఎలుకలైతే పిల్లిని తెచ్చేదాన్ని మావయ్యా.”

“ఈ జబ్బు నాకు కొత్తా? నా చిన్నప్పుడూ ఉండేది. ఏడాదికో పెట్టె నీరసపడేది, మళ్లీ తేరుకునేది. ఇప్పుడేమో నెల తిరక్కుండా పెట్టెకు పెట్టె ఊడ్చేస్తోంది. దానికేం పోయేకాలం?”

“అప్పుడు పెట్టెలు ఎక్కడుండేవి?”

“గట్టుకొకటి.”

ఇప్పుడు ముప్పై పెట్టెలూ మూరెడు ఎడంలో వరుసగా ఉన్నాయి. ఏ పెట్టె నీరసపడినా బలమైనదాంట్లోంచి ఒక పట్టు తీసి దానికిస్తాడు మావయ్య. ఏ పెట్టె చచ్చినా దాని పట్లు మిగతావాటికి పంచుతాడు. ఈగల్ని పస్తు పెట్టడని ఆయనకు పేరు.

ఉన్నదున్నట్టు చెప్పాను. చెట్టుతొర్రలో ఒంటరిగా ఉన్న పట్టును తొందరపడి చంపే క్రిమికి ఇంకో పట్టు చేరడం కష్టం. చాలావరకు దానితోనే పోతుంది. పట్టును బతకనిచ్చే మెతక రకం మాత్రం, ఈగలు గుంపుగా విడిపోయి కొత్తచోటు వెతుక్కున్నప్పుడు వాటి వెంట పోతుంది. ఇక్కడ అలా కాదు. చంపినా పక్కపెట్టె సిద్ధంగా ఉంది. కాబట్టి కఠినమైన రకమే నెగ్గుకొచ్చింది.

మావయ్య పట్టులోని ఒక గదిలో అగ్గిపుల్ల గుచ్చి పైకి లాగాడు. కుళ్లిన పిల్లపురుగు గోధుమరంగు జిగురులా సాగింది.

“అయితే జబ్బును మోసింది నేనేనా?”

“ఎక్కువభాగం నువ్వే మావయ్యా.”

ఆయన పుల్ల పారేసి, చేతులు కడుక్కుని, సున్నం గిన్నె అందుకున్నాడు.

పెట్టెలు తెల్లారేదాకా కాలాయి. పందొమ్మిదీ నిలిచాయి. నెల తర్వాత, పెంపకందారులకు పంచడానికి మా ప్రయోగశాల తరఫున నేను రాసిన కాగితం ఆయనకు చదివి వినిపించాను.

“పట్లు మార్చింది నేనని లేదే?”

“నలుగురూ నవ్వుతారు.”

“నవ్వనీవే. నవ్వినవాడు రేపు ఈ పట్టు ఆ పెట్టెలో పెట్టేముందు ఒక్కసారి ఆగుతాడు. రాయి.”

రాశాను. పేర్లు వేయకూడదని ఆఫీసు నియమం. ఆ కాగితం ఎప్పుడైనా మీ చేతికొస్తే, రెండో పేజీలో ‘ఒక పెంపకందారు’ అని ఉన్నచోట మా మావయ్యను తలుచుకోండి.